పదిహేడో నంబరు ముద్ర

పోయిన వారం మిమ్మల్ని హోలెన్‌బాక్ వర్క్‌షాపులో, బాగుచేసిన మీటర్ల అలమార ముందు నాతోపాటు నిలబెట్టి వదిలేశాను. పాపం, కాళ్ళు పీకి ఉంటాయి. రండి, కదులుదాం.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు మాటలు. నా పేరు డార్లా ష్రాగ్. కాన్సాస్ రాష్ట్రంలో విమానాల ఎలక్ట్రానిక్ పరికరాలు బాగుచేసే వర్క్‌షాపుల్ని తనిఖీ చెయ్యడం నా పని. ఈ సంగతి జరిగేనాటికి పదకొండేళ్ళుగా ప్రభుత్వ జీతం తింటున్నాను. అంతకుముందు తొమ్మిదేళ్ళు ఎల్క్ రిడ్జ్ ఊళ్ళో ఇదే హోలెన్‌బాక్ షాపులో, ఎల్డన్ వోత్ అనే పెద్దాయన పక్క బల్ల మీద మీటర్లు విప్పాను, బిగించాను. తొంభై నాలుగు ఫిబ్రవరిలో ఒక బుధవారం, మబ్బు నేలమీదికి దిగినట్టున్న రోజున, చెప్పాపెట్టకుండా తనిఖీకి వచ్చాను. అలమారలోంచి ఒక ఎత్తు మీటరు తీశాను. విమానం ఎంత ఎత్తులో ఉందో పైలట్‌కి చెప్పే మీటరది. దానికి కట్టిన పసుపు చీటీ తిప్పి చూశాను. బాగుచేసినవారు అన్న చోట ఎల్డన్ ముద్ర. సరిచూసినవారు అన్న చోట పదిహేడో నంబరు ముద్ర.

పదిహేడు నాది.

మా పనిలో ముద్ర అంటే మనిషే. చేరిన రోజు ఒక నంబరు ఇస్తారు, ఉక్కు ముద్ర, చెక్క పిడి. ఇంకెవరూ దాన్ని ముట్టుకోరు. మానేసిన రోజు అందరూ చుట్టూ నిలబడి ఉండగా దాని మొహాన్ని సానరాయి మీద నున్నగా అరగదీస్తారు. వెళ్ళిపోయే మనిషి రిజిస్టరులో "నా కళ్ళముందే అరగదీశారు" అని సంతకం పెట్టాలి. ఆ బోడి ముద్రకి పేరు రాసి గోడకి మేకు కొట్టి వేలాడదీస్తారు. నా ముద్ర అలా అరిగి పదకొండేళ్ళయింది. చీటీ మీద తారీకు మాత్రం పోయిన వారానిది.

"ఏం డార్లా మేడమ్, దెయ్యాన్ని చూసినట్టు మొహం పెట్టావు? మా అలమారలో ఎలుక ఏమన్నా కనబడిందా?"

కర్టిస్ హోలెన్‌బాక్. షాపు యజమాని. వాళ్ళ నాన్న చేతుల మీద పెరిగిన షాపు ఇతని చేతుల్లో పడి ఆరేళ్ళయింది. నేను ఇక్కడ పనిచేసినప్పుడు ఇతను నన్ను "ఏయ్ ష్రాగ్" అని పిలిచేవాడు. ఇప్పుడు మేడమ్ అంటాడు, కానీ ఆ మేడమ్‌లో పాత "ఏయ్" అలాగే ఉంటుంది.

"ఈ పదిహేడు ఎవరు కర్టిస్?"

"ఎవరో ఒకరు. నేను ఆఫీసు చూసుకుంటాను. ముద్రల సంగతి ఎల్డన్‌దే."

"పదిహేడు నేను."

నవ్వబోయాడు. నా మొహం చూసి ఆ నవ్వు సగంలోనే మానేశాడు. కనీసం అబద్ధమైనా చెప్తాడేమోనని ఎదురుచూశాను. అదీ చెప్పలేదు. మొహం తిప్పుకుని, కాగితాలేవో వెతకాలంటూ ఆఫీసు గదిలోకి పోయాడు.

నేను గోడ దగ్గరికి నడిచాను. ముద్రల గోడ. ఇరవయ్యో ఇరవై రెండో ఉంటాయి, వరసగా, పేర్లతో. విమానం నెత్తిమీదుగా బాగా కిందకి వస్తే అవన్నీ మేకుల మీద గలగలలాడేవి. ఆ చప్పుడు వినగానే ఎల్డన్ తల ఎత్తకుండానే, "ఎవడో తొందరగా దిగుతున్నాడు, ఇంట్లో భోజనం వేడిగా ఉన్నట్టుంది" అనేవాడు. మూడో వరసలో నా పేరుంది. తీసి చూశాను. మొహం నున్నగానే ఉంది. వేలితో రాసి చూశాను, గీత కూడా లేదు.

పిడి తిప్పాను. పిడి శుభ్రంగా ఉంది.

నా పిడి శుభ్రంగా ఉండదు. చేరిన రెండో ఏడు, కాలుతున్న సోల్డరింగ్ ఐరన్‌ని దానిమీద పెట్టి మర్చిపోయాను. గోరంత నల్ల మచ్చ పడింది. ఎంత గీకినా పోలేదు. ఎల్డన్ చూసి, "పెళ్ళికూతురికి దిష్టిచుక్క పెట్టావా?" అని వారం రోజులు ఏడిపించాడు. ఆ మచ్చ ఇక్కడ లేదు. అంటే నా వీడ్కోలు రోజున సానరాయి మీద అరిగింది నా ముద్ర కాదు.

నిజం చెప్తాను. ఆ క్షణంలో నాకు కోపం ఎల్డన్ మీద రాలేదు, కర్టిస్ మీద కూడా రాలేదు. నా మీద వచ్చింది. ఆ రోజు కేకు తెచ్చారు. అందరూ చుట్టూ మూగారు. సానరాయి మీంచి రవ్వలు లేస్తుంటే నేను పేపర్ నాప్‌కిన్‌లో మొహం దాచుకుని ముక్కు చీదుకుంటూ నిలబడ్డాను. ఎల్డన్ రిజిస్టరు ముందుకు జరిపాడు. "నా కళ్ళముందే" అన్న మాట కింద సంతకం గీకేశాను. నా కళ్ళు ఆ ముద్ర మీద లేనే లేవు.

పదకొండేళ్ళుగా నేను ఏ షాపుకి వెళ్ళినా మొదట చెప్పేది ఒక్కటే: చూడనిదానికి సంతకం పెట్టకండి. నేనటు తిరగగానే కుర్రకారు నా గొంతు పెట్టి ఆ మాటే అని నవ్వుకుంటారని నాకు తెలుసు. నవ్వుకోనీ, గుర్తుంటే చాలు అనుకునేదాన్ని.

ఎల్డన్ బల్ల షాపు వెనక భాగంలో, కిటికీ పక్కన. ఆయనకి డెబ్బై ఒక్క ఏళ్ళు. ఆయన బల్లకి పైన అరలో రేడియో ఒకటి ఎప్పుడూ మోగుతూ ఉంటుంది. మా ఊరి ఎయిర్‌ఫీల్డులో టవర్ లేదు. దిగేవాళ్ళు, ఎగిరేవాళ్ళు తమ సంగతి తామే రేడియోలో చెప్పుకుంటారు. ఎల్డన్‌కి ఆ మాటలు పక్కింటి కబుర్లతో సమానం.

"వచ్చావా అమ్మాయ్! నీ అడుగుల చప్పుడు మారలేదు. కూర్చో. బియరాక్ ఉంది, తిను." కాగితంలో చుట్టిన రొట్టె ముందుకు తోశాడు. లోపల గొడ్డుమాంసం, క్యాబేజీ కూర. "కెండ్రా పొద్దున్నే లేచి చేసి వెళ్ళింది. విమానం ఎక్కేముందు రొట్టెలు కాల్చే పైలట్ ఈ రాష్ట్రంలో ఇంకెవరైనా ఉన్నారా?"

కెండ్రా ఆయనకి ఒక్కతే కూతురు. చిన్న చిన్న ఊళ్ళ ఆసుపత్రుల నుంచి రక్తం శాంపిళ్ళు ఒక చిన్న విమానంలో మోసుకొస్తుంది. తొమ్మిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుని సోల్డరింగ్ నేర్చుకుంది. నన్ను ఇప్పటికీ అక్కా అంటుంది.

"వద్దు మాస్టారూ. ఫ్లాస్కు తెచ్చుకున్నాను." తనిఖీకి వెళ్ళినచోట నేను మంచినీళ్ళు కూడా ముట్టను.

"ఆకలి వెయ్యకూడదని కూడా మీ ప్రభుత్వం రూలు పెట్టిందా?"

"మాస్టారూ, నా ముద్ర ఎక్కడుంది?"

ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. బుకాయిస్తాడనుకున్నాను. బుకాయించలేదు. బల్ల సొరుగు లాగి, లోపల చెయ్యి పెట్టి, వేళ్ళతో తడిమి తడిమి, గుడ్డలో చుట్టిన ముద్ర బయటికి తీశాడు. గుడ్డ విప్పకుండానే నా చేతిలో పెట్టాడు. విప్పితే నల్ల మచ్చ అక్కడే ఉంది.

"ఆ రోజు చెయ్యి రాలేదమ్మా," అన్నాడు. "ఈ షాపులో ప్రతి ముద్రా నేనే అరగదీశాను. మా అన్నయ్యది కూడా. నీది మాత్రం సానరాయి దాకా తీసుకెళ్ళి జేబులో వేసుకున్నాను. కొత్త ముద్ర ఒకటి పెట్టి రవ్వలు లేపాను. నువ్వు ఏడుస్తున్నావు కదా, చూడలేదు."

"దాచుకున్నారు సరే. వాడడం ఏంటి?"

"అక్టోబరులో లియోనార్డ్ మానేసి విచిటా వెళ్ళిపోయాడు. నేను చేసింది సరిచూసేవాడు లేడు. రెండో ముద్ర లేకపోతే మీటరు బయటికి పోదు. మనిషిని తెస్తానన్నాడు కర్టిస్, తెస్తూనే ఉన్నాడు. అప్పుడు... నువ్వు ఇక్కడే ఉంటే చూసి ముద్ర వేసేదానివే కదా అనుకున్నాను. నా పనిలో నువ్వెప్పుడైనా తప్పు పట్టావా?"

"పట్టాను. నాలుగుసార్లు."

"మూడు," అన్నాడు వెంటనే. "నాలుగోది మీటరు తప్పు కాదు, గొట్టం చిల్లు."

ఆ మాటకి నాకు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. కానీ ఆయన నాతో మాట్లాడుతూ నా మొహం వైపు చూడడంలేదని అప్పుడు గమనించాను. నా భుజం పక్కకి చూస్తున్నాడు, తల కొంచెం ఏటవాలుగా పెట్టి. సొరుగులో వేళ్ళతో తడిమిన తీరు గుర్తొచ్చింది.

అలమారలోంచి తెచ్చిన మీటరు నా చేతిలోనే ఉంది. దాన్ని ఆయన బల్ల మీది గాజు డబ్బాలో పెట్టి మూత బిగించాను. ఆ డబ్బాలోంచి గాలి లాగితే మీటరు తను పైకి ఎగురుతున్నాననుకుంటుంది, వదిలితే దిగుతున్నాననుకుంటుంది. అసలు ఎత్తెంతో పక్కనున్న పెద్ద మీటరు చెప్తుంది. అయిదు వేల అడుగుల దాకా లాగాను. సూది బుద్ధిగా వెంట వచ్చింది. తర్వాత గాలి వదులుతూ రెండు వేల దగ్గర ఆపాను.

"ఎంత చూపిస్తోంది మాస్టారూ?"

ఆయన గాజు మీదికి వంగాడు. "రెండు వేలు. వెంట్రుకవాసి తేడా లేదు."

"ఇంకోసారి చూడండి."

"చూశాగా. రెండు వేలు."

ఆయన తల ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. గాజు మీద ఆయన ఊపిరి పొగలా పేరుకుంది. చిన్న గొంతుతో అడిగాడు.

"ఎంత ఉందమ్మా?"

"రెండు వేల నాలుగు వందలు."

పైకి వెళ్ళేటప్పుడు సరిగ్గానే ఉంది. దిగేటప్పుడు సూది ఎక్కడో పట్టేసి వెనకబడుతోంది. నేలమీద నిలబెట్టి చూస్తే ఎవరికీ అనుమానం రాదు. మబ్బులోంచి దిగే పైలట్‌కి మాత్రం ఉన్నదానికన్నా నాలుగు వందల అడుగులు ఎక్కువ ఎత్తులో ఉన్నావని అబద్ధం చెప్తుంది. పరీక్ష కాగితం తీసి చూశాను. ఆ గడిలో ఎల్డన్ అందమైన చేతిరాతతో సున్నా. అన్ని గడుల్లోనూ సున్నాలు. సూది ఎక్కడుండాలో ఆయనకి నోటికొచ్చు. ఎక్కడుందో మాత్రం కనబడలేదు.

"రెండేళ్ళయింది," అన్నాడు ఎల్డన్. "రెండు కళ్ళలోనూ మధ్యలో మచ్చ. పక్కనున్నవన్నీ కనబడతాయి. ఏది చూడాలనుకుంటానో అదే కనబడదు."

"ఏటా కంటి పరీక్ష ఉంటుంది కదా! ఎలా పాసయ్యారు?"

"ఆ అక్షరాల పటం ఇరవయ్యేళ్ళుగా భోజనాల గదిలో అదే గోడమీద ఉందమ్మా. దానికిందే కూర్చుని రోజూ తింటాను."

ఈ చేతులే నాకు పని నేర్పాయి. ఒక స్క్రూ ఎంత బిగించాలో వేళ్ళకి తెలియాలి అని నా వేళ్ళు పట్టుకుని చూపించిన చేతులు. ఈయన్ని నేను మా నాన్నకన్నా ఎక్కువ నమ్మాను. అలాంటి మనిషి కళ్ళు కనబడకుండా మీటర్లు కట్టి, పక్కన నా ముద్ర వేసి, జనాన్ని మబ్బుల్లోకి పంపించాడు.

"ఎన్ని?" అన్నాను.

"పన్నెండు."

అప్పుడు వచ్చాడు కర్టిస్, చంకలో రిజిస్టరుతో. ఆఫీసు గదిలో వెతికింది దీన్నే అన్నమాట. దొరికిపోయిన తర్వాత ఎంత తొందరగా తేరుకుంటారో ఇలాంటివాళ్ళు! బల్ల మీద పేజీ తెరిచి పెట్టి, వేలితో నా సంతకం చూపించాడు.

"చూడు డార్లా, ఎందుకు గోల? నాలుగు రోజులు టైమివ్వు. పన్నెండూ నేనే దగ్గరుండి మళ్ళీ సరిచేయిస్తాను, ఎవరికీ తెలియదు. నువ్వు ఇవాళ మంచులో రోడ్డు బాలేదని వెనక్కి తిరిగిపోయావనుకో. లేదంటే ఎల్డన్ పోతాడు, నా షాపు పోతుంది, ఇదిగో, దీంతో నువ్వూ పోతావు. 'నా కళ్ళముందే' అని రాసింది నువ్వే కదా మేడమ్."

అబద్ధం చెప్పను, ఒక్క క్షణం ఆగాను. పదకొండేళ్ళ ఉద్యోగం. నా పేరు. ఈ ముసలాయన మొహం. ఒక్క క్షణమే, కానీ ఆగాను. ఈ కథ రాయడం మొదలుపెట్టిన రోజునుంచీ ఆ క్షణం దగ్గరికి ఎలా రావాలా అని భయపడుతూనే ఉన్నాను.

"అలమారలో ఎన్నున్నాయి?" అన్నాను.

"పదకొండు. ఒక్కటే బయటికి పోయింది. ఒక్కదానికి..."

"ఎక్కడికి?"

"గురువారం ఎదురుగా విమానాలు నిలిపే హ్యాంగర్‌లో ఏదో చిన్న విమానానికి బిగించారు. దాంట్లో ఉన్నది చెడిపోయిందని తొందరపెడితే." పేజీ తిప్పి విమానం నంబరు చదివాడు, చివరి పి అక్షరాన్ని పైలట్లు పలికే పద్ధతిలో. "నాలుగు ఆరు రెండు, పాపా."

ఎల్డన్ చేతిలోంచి స్క్రూడ్రైవర్ జారి కింద పడింది. వంగి తీసుకోలేదు.

"అది కెండ్రా విమానం," అన్నాడు. ఎవరితోనూ అన్నట్టు లేదు. "మీటరు మార్చారని నాతో అనలేదే. నాన్నా, ఇవాళ కొత్త సామానుతో ఎగురుతున్నా అంది. నేను రేడియో అనుకున్నాను."

నేను కిటికీలోంచి చూశాను. ఎదురుగా ఉన్న హ్యాంగర్ కప్పు కనబడడంలేదు. మబ్బు దాన్ని మింగేసింది. ఇలాంటి రోజున ఎల్క్ రిడ్జ్‌లో దిగే పద్ధతి ఒకటుంది. మీటరు చూసుకుంటూ నేలకి నాలుగు వందల అడుగుల ఎత్తు వరకూ గుడ్డిగా దిగొచ్చు. అప్పటికీ రన్‌వే కనబడకపోతే మళ్ళీ పైకి లేచిపోవాలి. ఆ విమానంలో ఉన్నది ఒకటే ఎత్తు మీటరు. అది నాలుగు వందలు ఎక్కువ చూపిస్తే, కెండ్రా ఆగాల్సిన చోటుకి వచ్చేసరికి ఉండేది గాలిలో కాదు, నేలమీద.

మా తలల పైన అరలో రేడియో గరగరలాడింది.

"ఎల్క్ రిడ్జ్, నాలుగు ఆరు రెండు పాపా. దక్షిణం నుంచి వస్తున్నా. మబ్బులో ఉన్నా, దిగుతున్నా. పన్నెండు వందల అడుగులు."

హుషారైన గొంతు. నేను స్టూలు తన్నేసి రేడియో మైకు లాక్కున్నాను. తీగ తగిలి బియరాక్ కింద పడింది.

"కెండ్రా, నేను డార్లా. దిగకు. పైకి లే."

"డార్లక్కా? నాన్న దగ్గరున్నావా! బియరాక్ తిన్నావా, లేక మళ్ళీ ఫ్లాస్కేనా?"

"నీ ఎత్తు మీటరు తప్పు. నమ్మకు. ఇప్పుడే పైకి లే."

గరగర. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాను.

"కొత్తదక్కా ఇది. గురువారమే బిగించారు. చీటీ నేనే చూశాను, నాన్న ముద్ర, పక్కన నీ పదిహేడు. నువ్వు మళ్ళీ నాన్నతో కలిసి పనిచేస్తున్నావనుకుని ఎంత సంతోషపడ్డానో తెలుసా? ఆ రెండు ముద్రలూ ఉన్నాక నాకింకేం భయం? వెయ్యి అడుగులు."

"ఆ ముద్ర నేను వెయ్యలేదు!"

అరిచాననుకుంటాను. కర్టిస్ ఒకడుగు వెనక్కి వేశాడు. తర్వాత కెండ్రా గొంతు, మొదటిసారిగా హుషారు లేకుండా.

"మరి ఎవరు వేశారు?"

ఎల్డన్ చెయ్యి చాచాడు. గాలిలో మైకు కోసం వెతికాడు. నేను ఆయన వేళ్ళని పట్టుకుని మీట మీద పెట్టాను, ఒకప్పుడు ఆయన నా వేళ్ళని స్క్రూ మీద పెట్టినట్టే.

"నేనే తల్లీ," అన్నాడు. "నాకు కళ్ళు కనబడడంలేదు. సూది చూడలేదు. పైకి లే."

మీట వదిలాడు. మేం ముగ్గురం రేడియో వైపు చూస్తూ నిలబడ్డాం.

"నాన్నా, ఏం మాట్లాడు... ఉండు... ఎనిమిది వందల అడుగుల మీదున్నాను, ఇంకా చాలా..."

అప్పుడు ఇంజిన్ చప్పుడు వినబడింది. రేడియోలోంచి కాదు, దక్షిణపు గోడ అవతల నుంచి. క్షణంలో కప్పు రేకులు అదిరాయి. నా వెనక ముద్రల గోడ మీద ఇరవై బోడి ముద్రలూ మేకుల మీద గలగలలాడాయి. ఎల్డన్ ఈసారి జోకు వెయ్యలేదు.

ఎనిమిది వందల అడుగుల ఎత్తులో విమానం పోతే ఆ ముద్రలు కదలవు. తొమ్మిదేళ్ళు ఆ గోడ పక్కనే పనిచేశాను, నాకు తెలుసు.